ఒక్కొక్కరికీ ఒక్కోలా, ధర మాత్రం ఒకేలా: రోబోలకు కొరుకుడుపడని లెక్క

విజయనగరంలో ఏ పెయింట్ షాపుకైనా వెళ్లి షేడ్ కార్డులో ఒక గడి మీద వేలు పెట్టండి. కొట్టతను లోపలి నుంచి తెల్ల బేస్ డబ్బా ఒకటి తెచ్చి మెషీన్ కింద పెడతాడు. కంప్యూటర్లో షేడ్ నంబర్ కొట్టగానే సన్నటి గొట్టాల్లోంచి పసుపు కాస్త, ఎరుపు కాస్త, నలుపు చుక్కో రెండు చుక్కలో పడతాయి. డబ్బాను షేకర్లో బిగించి గిరగిరా తిప్పితే మీ గోడకు కావాల్సిన రంగు సిద్ధం. వెయ్యికి పైగా షేడ్లు ఇస్తానంటున్న ఆ కొట్టులో ఉన్న సరుకు చూస్తే రెండు మూడు రకాల బేస్, పదీ పదిహేను రంగుల సీసాలు. అంతే.

ఈ షాపు చేస్తున్నదాన్నే ఫ్యాక్టరీవాళ్లు మాస్ కస్టమైజేషన్ అంటారు. టైలరు కుట్టినట్టు ఎవరి కొలత వారికి ఉండాలి, ధర మాత్రం రెడీమేడ్ ధర దాటకూడదు. వినడానికి గొంతెమ్మ కోరికలా ఉంటుంది కానీ, గత ముప్పై నలభై ఏళ్లుగా పెద్ద కంపెనీలన్నీ దీని వెంటే పరుగెడుతున్నాయి. ఈ పరుగులో రోబోను బ్రహ్మాస్త్రంలా చూపించడం మామూలైపోయింది. వాట్సాప్‌లో వచ్చే వీడియోలు చూసే ఉంటారు: లైట్లు ఆర్పేసిన ఫ్యాక్టరీ, లోపల నారింజ రంగు చేతులు వాటంతటవే తిరుగుతూ ఉంటాయి, కింద ‘ఇక మనుషుల పని అయిపోయింది’ అని ఒక వ్యాఖ్య. ఆ వీడియోలో కనిపించని సంగతి ఏమిటంటే, రోబోకూ రకరకాల వస్తువులకూ అంత సులువుగా పొత్తు కుదరదు. కుదిరినచోట ఆ గొప్పతనం చాలావరకు రోబోది కాదు, పెయింట్ షాపులోలాగా తేడాను చివరిదాకా ఆపి ఉంచినవాళ్లది.

ఎందుకో తెలియాలంటే ముందు సెట్టింగ్ టైమ్, అంటే ఒక రకం నుంచి ఇంకో రకానికి మెషీన్‌ను సిద్ధం చేయడానికి పట్టే సమయం, దాని లెక్క చూడాలి.

రేకును నొక్కి ముక్కలు చేసే ఒక ప్రెస్ మీద డై (ముక్కకు ఆకారమిచ్చే అచ్చు) మార్చడానికి 4 గంటలు, ఒక ముక్క కొట్టడానికి ఒక నిమిషం పడుతుందనుకుందాం. ఒకే రకం ముక్కలు 10,000 కొడితే, ఆ నాలుగు గంటల భారం ఒక్కో ముక్క మీద సెకనున్నర కూడా పడదు. 100 మాత్రమే కొట్టి డై మార్చేస్తే ఒక్కో ముక్క మీద 2 నిమిషాల 24 సెకన్లు పడుతుంది, అంటే అసలు పని కంటే దానికి సిద్ధం కావడమే ఎక్కువ. ఒక్క ముక్క కోసమే డై మారిస్తే ఆ ముక్క ఖరీదు నాలుగు గంటల ఒక నిమిషం. టైలరు బట్టకూ రెడీమేడ్ చొక్కాకూ ధరలో ఇంత తేడా ఎందుకంటే ఇందుకే. ఫ్యాక్టరీ చవకగా ఇవ్వగలిగేది ఒకేలాంటివి అయితేనే. రకం మారిందంటే ఖర్చు మొదటికొస్తుంది.

హెన్రీ ఫోర్డ్ ఈ లెక్కను చివరిదాకా లాగి చూపించాడు. 1913లో హైలాండ్ పార్క్ ఫ్యాక్టరీలో కదిలే లైన్ పెట్టాక, అంతకుముందు పన్నెండున్నర గంటలు పట్టే చాసిస్ (కారు అడుగు చట్రం) బిగింపు దాదాపు గంటన్నరకు వచ్చింది. 1908లో 850 డాలర్లున్న మోడల్ టి ధర 1925 నాటికి 260 డాలర్లకు దిగింది. 1914 నుంచి 1925 దాకా ఆ కారు నలుపు రంగులో తప్ప దొరకలేదు. ఈలోగా జనరల్ మోటార్స్ రంగులు, రకరకాల మోడళ్లు పెట్టి కొనేవాళ్లను లాగేసుకుంది. ఫోర్డ్ 1927లో కొత్త మోడల్‌కు మారక తప్పలేదు. అందుకోసం ఫ్యాక్టరీని దాదాపు ఆరు నెలలు మూసేయాల్సి వచ్చింది. ప్రపంచ పరిశ్రమ చరిత్రలో అదొక మహా సెట్టింగ్ టైమ్ అనుకోవచ్చు.

ఈ ముడి విప్పింది జపాన్. 1969లో టొయోటాలో 1,000 టన్నుల ప్రెస్ మీద డై మార్చడానికి నాలుగు గంటలు పడుతుంటే, షిగెయో షింగో అనే ఇంజనీరు దాన్ని ముందు గంటన్నరకు, తర్వాత మూడు నిమిషాలకు తెచ్చాడు. ఇందులో రోబో లేదు, కంప్యూటర్ లేదు. ప్రెస్ ఆగి ఉన్నప్పుడు మాత్రమే చేయగల పనులేవి, నడుస్తుండగానే చేసి ఉంచుకోగల పనులేవి అని విడదీశాడు. తర్వాతి డైని ముందే తెచ్చి పక్కన పెట్టడం, బోల్టులు తక్కువ చుట్లతోనే బిగుసుకునేలా మార్చడం, డైల ఎత్తులన్నీ ఒకేలా ఉండేట్టు చూసుకోవడం లాంటివే అన్నీ. పెళ్లింట వంటవాళ్లు పొయ్యి ఖాళీ అయ్యేలోపే తర్వాతి గుండిగకు కూరలు తరిగి పెట్టుకున్నట్టు. రోబోల గురించి మాట్లాడేటప్పుడు షింగో పేరు ఎవరూ ఎత్తరు. నన్నడిగితే రోబో కంటే ముందు చెప్పాల్సిన పేరు అదే.

ఇప్పుడు రోబో దగ్గరకు వద్దాం. మొదటి ఫ్యాక్టరీ రోబో యూనిమేట్ 1961లో అమెరికాలోని న్యూజెర్సీలో జనరల్ మోటార్స్ ప్లాంటులో పనికి దిగింది. కరిగిన లోహాన్ని అచ్చులో పోసి చేసే (డై కాస్టింగ్) ముక్కల్ని కాలుతుండగానే బయటకు తీయడం దాని పని. వేడి, పొగ, బరువు, రోజంతా అదే కదలిక: మనిషి చేయకూడని పని కాబట్టి ఇచ్చారు. ఇప్పటి చేతులు చాలా నాజూకైనవి. మామూలుగా ఆరు కీళ్లు, ఒక్కో కీలుకు చెప్పినంత మేరకే తిరిగి ఆగే ఒక సర్వో మోటారు ఉంటాయి. దానికి పని నేర్పేవాడు టీచ్ పెండెంట్ అనే పలకలాంటి రిమోట్ పట్టుకుంటాడు. పెండెంట్ వెనక ఒక స్విచ్ ఉంటుంది. దాన్ని సగం దాకా నొక్కి పట్టుకుంటేనే చేయి కదులుతుంది. వదిలేసినా ఆగుతుంది, బెదిరిపోయి గట్టిగా పిండేసినా ఆగుతుంది. కంగారులో మనిషి ఈ రెండింట్లో ఏదో ఒకటి చేస్తాడు కనుక అలా పెట్టారు. నేర్పేటప్పుడు చేయి వేగం సెకనుకు 250 మిల్లీమీటర్లు దాటదు. మెల్లగా ఒక చోటికి జరిపి, పాయింట్ సేవ్ చేసి, ఇంకో చోటికి జరిపి మళ్లీ సేవ్ చేస్తాడు. అయ్యాక ఆటోలో పెడితే అదే దారిని మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు కూడా తప్పకుండా లక్షసార్లు తిరుగుతుంది.

ప్రోగ్రామ్ మార్చడం దానికి క్షణం పని. ఒకటో నంబర్ మోడల్ వస్తే ఒకటో దారి, రెండో నంబర్ వస్తే రెండో దారి. మరి ఇబ్బంది ఎక్కడ? చేయి చుట్టూ ఉన్న సరంజామాలో. ముక్కను పట్టుకునే గ్రిప్పర్ ఆ ముక్క ఆకారానికే చేసింది. ముక్కను కదలకుండా పట్టి ఉంచే ఫిక్చర్ కూడా అంతే. ముక్క అక్కడ ఉందా లేదా అన్నది సెన్సార్ చెబితే తప్ప రోబోకు తెలియదు, లేకపోతే ఖాళీ గాలిని కూడా అంతే శ్రద్ధగా వెల్డింగ్ చేస్తుంది. కొత్త రకం వచ్చిందంటే కొత్త గ్రిప్పర్, కొత్త ఫిక్చర్, కొత్త పాయింట్లు, సేఫ్టీ ఫెన్సింగ్ లోపల కొత్త అమరిక, మళ్లీ ట్రయల్. చేయి కొన్న ఖరీదు మొత్తం ఖర్చులో ఒక వాటానే. అందుకే రోబో ధర ఇంత తగ్గింది, అంత తగ్గింది అని చెప్పే వార్తలు చదివి చిన్న వర్క్‌షాపు యజమాని ఆశపడితే సరిపోదు.

కార్ల ఫ్యాక్టరీలో ఇదంతా కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. కారుకు ఉండొచ్చు, లేకపోవచ్చు అన్న ఆప్షన్లు 20 ఉన్నాయనుకోండి (సన్‌రూఫ్, వెనక కెమెరా, సీటు హీటర్ లాంటివి). వాటితో వచ్చే కలగలుపులు 10,48,576. కారు బాడీని వెల్డింగ్ చేసే బాడీ షాపులో ఈ గొడవ పెద్దగా ఉండదు. అక్కడున్నది గట్టి ఉక్కు రేకు, ఎక్కడ వదిలితే అక్కడే ఉంటుంది. బాడీకి తగిలించిన ట్యాగ్ చదివి రోబోలు ఏ మోడల్‌కు తగ్గ చోట ఆ మోడల్‌కు వెల్డింగ్ చుక్కలు పెట్టుకుంటూ పోతాయి. పెయింట్‌లోనూ రోబోలే. అయితే రంగు మారిన ప్రతిసారీ గొట్టం కడగాలి, కడిగిన రంగూ సాల్వెంటూ నష్టం. అందుకే వీలైనంతవరకు ఒకే రంగు కార్లను వరసగా పంపుతారు. మీరు కోరిన రంగు కారు ఆలస్యమైతే షోరూమ్‌వాడిని తిట్టేముందు ఈ గొట్టాన్ని కూడా ఒకసారి తలచుకోండి.

అసలు కథ పెయింట్ దాటి ట్రిమ్ లైన్‌కు వచ్చాక మొదలవుతుంది. వైర్లు, కార్పెట్, రూఫ్ లైనింగ్, డాష్‌బోర్డ్, రబ్బరు బీడింగ్ ఇక్కడ ఎక్కుతాయి. అన్నీ వంగేవి, జారేవి, ఒక్కో కారుకు ఒక్కో రకమైనవి. మన ఊళ్ల నుంచి చెన్నై, శ్రీసిటీ వైపు కార్ల కంపెనీలకు వెళ్లిన కుర్రాళ్లను అడిగితే చెబుతారు, మనుషులు కిక్కిరిసి కనిపించేది ఇక్కడే. వైరింగ్ హార్నెస్ సంగతే చూడండి. కారు ఒళ్లంతా పాకే వైర్ల మోపు అది. పొడవుగా పరిచిన బోర్డు మీద మేకుల మధ్య ఒక్కో వైరూ లాగి, టేపు చుట్టి, కనెక్టర్లలో గుచ్చి తయారుచేస్తారు. కారుకు ఏ ఆప్షన్ ఉందో దాన్ని బట్టి హార్నెస్ మారిపోతుంది. వైరుకు ఆకారం ఉండదు, పట్టుకున్న ప్రతిసారీ ఒక్కోలా వేలాడుతుంది. అందుకే ఇన్ని రోబోల కాలంలోనూ దీన్ని ఎక్కువగా చేతులతోనే చేస్తున్నారు, అదీ కూలి తక్కువ ఉన్న దేశాల్లో. 2022లో ఉక్రెయిన్ మీద యుద్ధం మొదలవగానే అక్కడి హార్నెస్ ఫ్యాక్టరీలు ఆగాయి. వారం పది రోజుల్లోనే జర్మనీలో ఫోక్స్‌వ్యాగన్, బీఎండబ్ల్యూ లాంటి కంపెనీల లైన్లు ఆగిపోయాయి. వెల్డింగ్ రోబోలన్నీ కులాసాగానే ఉన్నాయి, చేతితో కట్టిన వైర్ల మోపే లేదు.

రకాలు మితిమీరితే రోబోను తీసేసి మనిషిని పెట్టడమే నయమని ఒప్పుకున్న పెద్ద కంపెనీలున్నాయి. మెర్సిడెస్ 2016లో జర్మనీలోని సిండెల్‌ఫింగెన్ ప్లాంటులో కొన్ని రోబోలను పక్కకు తప్పించి మనుషుల్ని పెడుతున్నట్టు చెప్పింది. తమ ఖరీదైన ఎస్ క్లాస్ కారు కొనేవాళ్లు అడిగే ఆప్షన్ల వైవిధ్యాన్ని రోబోలు తట్టుకోలేకపోతున్నాయన్నది వాళ్ల కారణం. 2018లో టెస్లా మోడల్ 3 ఉత్పత్తి మొరాయించినప్పుడు ఆటోమేషన్ మితిమీరడం తమ పొరపాటేనని ఎలాన్ మస్క్ బాహాటంగా అన్నాడు. బ్యాటరీ మీద పరిచే దూదిలాంటి ఫైబర్ పట్టీని ఎత్తి పెట్టడానికి ఒక రోబో పెట్టారు. అది పట్టీని పట్టుకోలేక లైన్ మాటిమాటికీ ఆగేది. ఆఖరికి ఆ పట్టీ అక్కర్లేదని తేలి, పట్టీనీ రోబోనూ రెండింటినీ తీసేశారు.

అడిడాస్ కథ ఇంకా పాఠం లాంటిది. కొనేవాళ్లున్న చోటే, వాళ్లు అడిగిన షూ రోబోలతో త్వరగా చేసిచ్చే ఫ్యాక్టరీలని చెప్పి జర్మనీలోని ఆన్స్‌బాఖ్‌లో ఒకటి, అమెరికాలోని అట్లాంటాలో ఒకటి పెట్టింది. 2019 నవంబరులో రెండూ మూసేస్తున్నామని ప్రకటించింది. అక్కడ నేర్చుకున్న టెక్నాలజీని ఆసియాలో తమకు షూ చేసిపెట్టే ఫ్యాక్టరీలకు మళ్లించింది. షూ పైభాగం మెత్తటి బట్ట, లోపలికి మలచడం, కుట్టడం, అతికించడం. మన అచ్యుతాపురం వైపు దుస్తుల ఫ్యాక్టరీల్లో వేలమంది ఆడవాళ్లు కుట్టు మిషన్ల ముందు ఎందుకున్నారో, ఆ రెండు ఫ్యాక్టరీలు ఎందుకు నిలదొక్కుకోలేదో, రెండింటి వెనకా ఉన్నది చాలావరకు ఈ మెత్తదనమేనని నా అభిప్రాయం. బట్టను గుడ్డికంటి చేయి పట్టుకోలేదు, కెమెరా పెట్టినా ముడత పడగానే తికమకపడుతుంది.

మరి ఎక్కడ కుదిరింది? మీ ముక్కు మీద కళ్లజోడు ఉంటే అదే ఒక ఉదాహరణ. లెన్స్ ల్యాబులో ముందుపక్క సిద్ధంగా ఉన్న సగం లెన్సులు కొన్ని రకాలు నిల్వ ఉంటాయి. మీ నంబర్ రాగానే వెనకపక్కను మెషీన్ కోసి, నునుపు చేస్తుంది. ఒక్కో జత ఒక ట్రేలో, ట్రే మీద బార్‌కోడ్. ముందు ట్రేలో ఉన్నది శ్రీకాకుళం బడిపంతులు గారి బైఫోకల్, వెనక ట్రేలో ఉన్నది కాలేజీ పిల్ల మైనస్ నంబర్. మెషీన్‌కు రెండూ ఒకటే, మారేది అంకెలే. చెవి లోపల పెట్టుకునే వినికిడి యంత్రాల తొడుగు కూడా ఇంతే: చెవి అచ్చు తీసి, స్కాన్ చేసి, 3డి ప్రింటర్‌లో ఒకే పళ్లెం మీద ఇరవై ముప్పై మందివి ఒకేసారి ప్రింట్ చేస్తారు. పళ్లు సరిచేసే పారదర్శక అలైనర్ల అచ్చులూ అలాగే వస్తాయి. వీటన్నింట్లోనూ ఒక పోలిక ఉంది. మనిషికీ మనిషికీ ఉన్న తేడా కంప్యూటర్ ఫైలుగా మారిపోయింది, ఫిక్చర్ మార్చాల్సిన పని లేదు. సెట్టింగ్ టైమ్ సున్నాకు దగ్గరైంది కాబట్టి ఒక్కటి చేసినా, వేయి చేసినా ఒక్కో దాని ఖర్చు దాదాపు అంతే. తేడాను ఫైలులో పెట్టగలిగితే ఒక దారి, పెయింట్ షాపులోలాగా చివరి అడుగుకు నెట్టగలిగితే ఇంకో దారి. రెండూ కాకుండా తేడా అంతా లైన్ మధ్యలో, మెత్తటి వస్తువుల్లో ఉందంటే మనిషి చెయ్యే దిక్కు.

ఈ కొలబద్ద పట్టుకుని మన జిల్లాలు చూస్తే కొన్ని సంగతులు తేటపడతాయి.

మన రైస్ మిల్లుల్లో ఎప్పటి నుంచో ఒక రకం రోబో పనిచేస్తూనే ఉంది, చేయి లేదు కాబట్టి దాన్నెవరూ రోబో అనరు. సార్టెక్స్ బియ్యం అని సంచి మీద ఉంటుంది చూడండి, అదే. బియ్యం గింజలు జారుతుంటే కెమెరా ఒక్కో గింజనూ చూస్తుంది, నల్లటిదో రంగు మారినదో కనిపిస్తే సన్నటి గాలి దెబ్బతో పక్కకు కొట్టేస్తుంది. పలాసలో జీడిపప్పుకూ ఇలాంటి కలర్ సార్టర్లే. జీడిపిక్కలు ఉడికించి, కటింగ్ చేసి, ఆరబెట్టి, పొట్టు తీసి, ఆఖరున గ్రేడింగ్. డబ్ల్యూ 210 అంటే పౌండు బరువుకు 200 నుంచి 210 దాకా తూగే గుండ్లు, డబ్ల్యూ 320 అంటే 300 నుంచి 320. ఏరే పని మెషీన్‌కు బాగా అబ్బింది, ఎందుకంటే గింజను పట్టుకోనక్కర్లేదు, చూసి తోసేస్తే చాలు. కటింగ్, పొట్టు తీత అలా కాదు. ఒక్కో పిక్కదీ ఒక్కో వంపు, కాస్త తేడాగా నొక్కితే గుండు కాస్తా బద్ద అవుతుంది, గుండుకున్న ధర బద్దకు రాదు. కటింగ్ మెషీన్లు వచ్చాయి, పొట్టు తీసేవీ వచ్చాయి. అయినా మెషీన్ వదిలేసిన పొరను గోటితోనో చాకుతోనో గీకి తీసే ఆడవాళ్ల చేతులు ఇంకా కావాలి. ఏరే బల్ల దగ్గర కూలి పని తగ్గిపోయి, గీకే దగ్గర మిగిలిందంటే కారణం యజమాని దయాదాక్షిణ్యాలు కాదు, పిక్క వంపే.

బొబ్బిలి వీణ ఇంకో కొస. గొల్లపల్లిలో పనస దుంగను తొలిచి ఒకే చెక్కలో కుండ, దండి తీస్తారు. బహుమతులుగా ఇచ్చే బుల్లి వీణలు కూడా అక్కడే చేస్తారు. బుల్లి వీణకు ఈ కొత్త పద్ధతి చక్కగా అతుకుతుందని నా అభిప్రాయం. దుంగను మోటుగా తొలిచే పని సీఎన్‌సీ రౌటర్ (కంప్యూటర్ నడిపే చెక్క తొలిచే యంత్రం) చేస్తుంది, నగిషీ చేతితో చేస్తారు, ఏ సన్మానానికి ఎవరి పేరు అన్న రేకు ఆఖరి రోజున అతికిస్తారు. తేడా చివర్లో ఉంది కదా. కచేరీ వీణ సంగతి వేరు. దానికి 24 మెట్లు మైనం కరిగించి పోసిన పట్టీ మీద నిలబెట్టాలి. మేళం కట్టడమనే ఈ పనిలో ప్రతి మెట్టునూ తీగ మీటుతూ, చెవితో విని, వెంట్రుకవాసి జరుపుతారు. చెక్క మారితే నాదం మారుతుంది, ఎండాకాలం మైనం మెత్తబడితే మళ్లీ కట్టాలి. ఈ తేడా ఏ ఫైలులోనూ పట్టదు. మేళం కట్టే మనిషికి పోటీ రోబో నుంచి రాదు, ఆ పని నేర్చుకునే కుర్రాళ్లు తగ్గిపోవడం నుంచి వస్తుంది.

ఉద్యోగాల మాటకొస్తే, అంతర్జాతీయ రోబోటిక్స్ సమాఖ్య లెక్క ప్రకారం 2023లో ప్రపంచమంతా కలిపి 5,41,000 పారిశ్రామిక రోబోలు కొత్తగా పెట్టారు. అందులో సగానికి పైగా చైనాలోనే. మన దేశంలో పెట్టినవి 8,510. అంకె చిన్నదే కానీ ముందు ఏడాది మీద 59 శాతం ఎక్కువ, ప్రపంచంలో ఏడో స్థానం. అంటే మన పిల్లలు పనికి వెళ్లే ఫ్యాక్టరీల్లోకి ఇవి వస్తున్నాయి, వస్తాయి. ఒకే ముక్కను ఒకే చోట పెట్టే పని, ఒకే చోట వెల్డింగ్ చేసే పని ముందు పోతుంది. ఇందులో దాపరికం లేదు. అయితే మోడళ్లు పెరిగేకొద్దీ లైన్‌లో ఇంకో రకం పని పెరుగుతుంది: గ్రిప్పర్ మార్చడం, ఫిక్చర్ సరిచేయడం, పాయింట్లు మళ్లీ నేర్పడం, కెమెరా ఎందుకు తికమకపడిందో కనిపెట్టడం. ఫ్యాక్టరీల్లో సెట్టర్ అని పిలిచేది ఈ పని చేసే మనిషినే. ఐటీఐ ఫిట్టర్‌కు, డిప్లొమా మెకానికల్‌కు అందేంత దూరంలోనే ఉంది ఈ పని, బీటెక్ అక్కర్లేదు. కాకపోతే ఏజెన్సీ ద్వారా కాంట్రాక్టు మీద తీసుకున్న కుర్రాడి చేతికి పెండెంట్ ఇవ్వడానికి చాలా కంపెనీలు మొగ్గు చూపవు. ఏడెనిమిది నెలల్లో వెళ్లిపోయేవాడికి నేర్పి ఏం లాభం అన్నది వాళ్ల లెక్క.

కాబట్టి క్యాంపస్‌కు కంపెనీవాళ్లు వచ్చినప్పుడు జీతం, హాస్టల్, క్యాంటీన్‌తో పాటు ఇంకో రెండు ప్రశ్నలు అడగడం మంచిది. మీ లైన్ మీద రోజుకు ఎన్నిసార్లు మోడల్ మారుతుంది? మార్చేటప్పుడు సెట్టింగ్ చేసేది కంపెనీ మనుషులా, రోబో అమ్మినవాళ్లు పంపే ఇంజనీర్లా? మొదటిదానికి ‘నెలకోసారి’ అంటే ఆ పని మీద రోబో కన్ను పడినట్టే. రెండోదానికి ‘మా మనుషులే’ అంటే, ఆ మనుషుల్లో ఒకరవడానికి ఎన్నాళ్లు పడుతుందో కూడా అక్కడే అడిగేయొచ్చు.